నాలుగు హద్దులు

చాలా ఏళ్ళ తరువాత ఒకప్పటి ఊరికి వెళ్ళినవారు సాధారణంగా రెండు మాటలలో ఏదో ఒకటి అంటారు. ‘ఊరు కొంచెమైనా మారలేదు’ అంటారు. లేదా ‘గుర్తుపట్టలేనంతగా మారిపోయింది’ అంటారు. ఏది అనాలన్నా కాళ్ళ కింద ఆ నేల ఉండాలి గదా! గడచిన శీతకాలంలో ఒక ఆదివారంనాడు మేము నలుగురు స్నేహితురాండ్రం కలసి వెళ్ళిన చోట మాకు ఆ పాటి ఆధారం కూడా దొరకలేదు. మేము ఎరిగిన ఇల్లు, ఇంటి ముందరి చెరువు, చెరువుగట్టు మీది కొబ్బరిచెట్లు, ఇంటికి దారితీసే బాట, అన్నీ హుగ్లీనది అడుగున ఉన్నాయి.

ఆ ద్వీపం పేరు ఘోడామారా. గంగ పాయ అయిన హుగ్లీ సముద్రంలో కలిసే చోట, కపిలముని క్షేత్రమున్న సాగర్ దీవికి ఉత్తరంగా ఉన్న చిన్న లంక అది. పూర్వం ఒక దొరగారి గుర్రాన్ని అక్కడ పులి చంపిందనీ, అందువల్లనే ఆ పేరు వచ్చిందనీ ద్వీపవాసులు చెప్పుకుంటారు. ఇప్పుడు పులీ లేదు, గుర్రమూ లేదు. ఆ పేరు మోసే నేల మాత్రం ఏటేటా తరిగిపోతున్నది.

ఆ లంకతో మాకు చుట్టరికం కలిపినది కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్. 1892లో ఖిదిర్‌పూర్ నౌకాశ్రయం తెరచిన తరువాత దాని చుట్టుపట్ల పేటలకు నానాదేశాలవారూ వచ్చి చేరారు. ఏక్‌బాల్‌పూర్ అటువంటి పేట. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి ప్రధాన కార్యాలయం దగ్గరలోని గార్డెన్‌రీచ్‌లో ఉండేది. నేటి ఆగ్నేయ రైల్వేకు కూడా అదే ప్రధాన స్థానం. ఆ రైలుమార్గం వెంబడే విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి తెలుగువారు ఖరగ్‌పూర్‌కూ, కలకత్తాకూ ఉద్యోగాలకు వచ్చారు. మా నాన్నగారు అలా వచ్చిన గుమాస్తాలలో ఒకరు. మా సందులో తెలుగు వినిపించే ఇల్లు మాదొక్కటే. ఎదురింట ఉర్దూ, పక్కింట భోజ్‌పురి, చివరింట బెంగాలీ. నేను అనువాదకురాలిని కావడానికి కళాశాలలో చదివిన ఆంగ్ల సాహిత్యం ఎంత కారణమో, ఆ సందు కూడా అంత కారణం.

చివరింట్లో తమలపాకుల వర్తకుడొకాయన ఉండేవాడు. ఘోడామారా నుంచి ఆయన మేనకోడలు చదువుకోసం వచ్చి ఆ ఇంట ఉండేది. ఎదురింటివారు మేటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టించి అమ్మేవారు. వారి అమ్మాయి ఒకతె. పక్కింటి అమ్మాయి తండ్రి డాక్‌లో పనిచేసేవాడు. మేము నలుగురం ఒకే ఈడువాళ్ళం. 1999 మొదలు 2002 వరకు నాలుగు శీతకాలాలు, సెలవులు ఇవ్వగానే, మేము ఆ మేనకోడలి వెంట ద్వీపానికి వెళ్ళి వారం పదిరోజులు ఉండి వచ్చేవాళ్ళం.

ఆ దినాల సంగతి చెప్పాలంటే ముందు ఆకుతోటను గురించి చెప్పాలి. మన పొన్నూరు ప్రాంతంలో తమలపాకు తీగను అవిసె మొక్కలకు పాకిస్తారు. బెంగాలులో అలా కాదు. వెదురూ జనపకట్టెలూ కలిపి గోడలు అల్లి, పైన గడ్డితో పలుచని కప్పు వేసి, ఆ నీడలో వరుసలు వరుసలుగా తీగలను పెంచుతారు. దానిని ‘బొరోజ్’ అంటారు. లోపలికి పోతే మధ్యాహ్నం కూడా తెల్లవారుజాములా ఉంటుంది. చెప్పులు విడిచి అందులోకి వెళ్ళాలి. మా స్నేహితురాలి పెదనాన్నగారిని అందరితోపాటు మేమూ ‘జేఠామశాయ్’ అని పిలిచేవాళ్ళం. ఆయన గుడిలోకి వెళ్ళినంత శ్రద్ధగా తోటలోకి వెళ్ళేవాడు. వేకువనే ఈతచెట్లకు కట్టిన కుండలు దింపి, చల్లని రసం మా గ్లాసులలో పోసేవాడు. సంక్రాంతినాడు మన ఇళ్ళలో అరిసెలు వండే వేళకు అక్కడ కొత్త ఈతబెల్లంతో, కొబ్బరితో ‘పిఠే’లు వండేవారు. రాత్రివేళ గట్టు మీద కూర్చుంటే గంగాసాగర స్నానానికి యాత్రికులను తీసుకుపోయే లాంచీల దీపాలు కనిపించేవి.

ఆ గట్టు మీదనే ఒక ముసలమ్మ మాకు లోహాచరాను గురించి చెప్పేది. లోహాచరా అన్నది ఆ చేరువలోనే ఉండిన మరో జనావాస ద్వీపం. 1980లలో నది దానిని మింగివేయనారంభించింది. కొద్ది కాలంలోనే ఊరు ఊరంతా లేచిపోయింది. కొందరు సాగర్‌కు, కొందరు ఘోడామారాకు చేరారు. ఆమె చీకటిలో నీటివైపు చేయి చాచి, ‘అదిగో, అక్కడ మా వంటిల్లు’ అనేది. మాకు నీరు తప్ప ఏమీ కనిపించేది కాదు. పంతొమ్మిదేళ్ళ వయస్సులో అది ఒక కథగా తోచింది.

ఆ తరువాత చదువులు ముగిశాయి, పెళ్ళిళ్ళు అయ్యాయి. ఒకరు ఢిల్లీకి, ఒకరు కాకద్వీప్‌కు వెళ్ళారు. దర్జీలవారి అమ్మాయీ, నేనూ ఏక్‌బాల్‌పూర్‌ను వదలలేదు. ఇరవై ఏళ్ళకు పైగా గడచిన పిమ్మట, ఢిల్లీ స్నేహితురాలు సెలవు మీద రావడంతో, ‘ఒక్కరోజు వెళ్ళి వద్దాం’ అన్నాం. కాకద్వీప్‌లో ఉపాధ్యాయినిగా ఉన్న మా ద్వీపపు పిల్ల ఫోనులో కొంచెం ఆగి, ‘రండి. జేఠామశాయ్ ఇంకా అక్కడే ఉన్నాడు. మీరు చెబితే వింటాడేమో’ అన్నది. ఇంటిల్లిపాదీ ఒడ్డుకు చేరినా, ఆయన ఒక్కడూ కదలనంటున్నాడట.

తెల్లవారకముందే ఏక్‌బాల్‌పూర్ కూడలిలో కారెక్కాం. డైమండ్ హార్బర్ రోడ్డు అంతా మారిపోయింది. 2018 సెప్టెంబరులో కూలిన మాఝేర్‌హాట్ వంతెన స్థానంలో 2020 నుంచి కొత్త వంతెన నిలిచి ఉన్నది. తారాతలా దాటాక రోడ్డు నెత్తిన మెట్రో రైలు పోతున్నది. మేము పాత బస్సుల పేర్లూ, ఆమ్తలాలో కొనుక్కుతిన్న వేరుశెనగపప్పు పొట్లాలూ గుర్తు చేసుకుంటూ పోయాం. డైమండ్ హార్బర్ వద్ద నది ఒక్కసారిగా విశాలమవుతుంది. అక్కడి నుంచి కుల్పి, కాకద్వీప్. ఆపైన ‘లాట్ నంబర్ ఎనిమిది’ అనే రేవు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లేయులు సుందరవనాలను సాగు కోసం అంకెలు వేసి ముక్కలు చేసి కౌలుకు ఇచ్చారు. అడవి పోయినా ఆ అంకె మాత్రం ఊరిపేరై మిగిలింది. సాగర్‌కు పోయే పెద్ద లాంచీలూ, ఘోడామారాకు పోయే చిన్న పడవలూ అక్కడి నుంచే బయలుదేరుతాయి.

పడవ దిగగానే మాలో ఇద్దరికి వాదన వచ్చింది. చెరువు ఇంటికి ఏ పక్కన ఉండేది? తూర్పున అని ఒకరు, వెనుకవైపు అని మరొకరు. నిర్ణయం చెప్పవలసిన మూడవ మనిషి, ఆ ఇంటి ఆడపిల్ల, మాట్లాడకుండా కరకట్ట మీదుగా మమ్మల్ని పడమటి ఒడ్డుకు తీసుకుపోయింది. అక్కడ గట్టు తెగి, నేల కత్తితో కోసినట్లు నిట్టనిలువుగా ఉన్నది. తెగిన మట్టిలో నుంచి కొబ్బరివేళ్ళు నీటిమీదికి వేలాడుతున్నాయి. ఆమె నదిలోకి చేయి చాచింది. దూరంగా ఒక వల కర్ర నీటిలో నిలిచి ఉన్నది. ‘దానికి ఇవతల వంటిల్లు, అవతల మీరు పడుకున్న గది’ అన్నది. ఆనాటి ముసలమ్మ చేయి చాచినది కూడా సరిగ్గా అలాగే.

ఈ ద్వీపం 1970ల మధ్యకాలంలో ఎనిమిది చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. 2010లు వచ్చేసరికి సుమారు నాలుగున్నరకు దిగింది. 2011 జనాభా లెక్కలలో అయిదువేలకు పైగా మనుషులు ఉన్నారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు సముద్ర అధ్యయన శాఖకు చెందిన సుగత హజ్రా ప్రభృతులు ఈ తరుగుదలను ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చారు. కారణాలు ఒకటి రెండు కావు. సముద్రమట్టం పెరుగుతున్నది, ప్రపంచమంతటి సగటు తీసుకున్నా 1993 నుంచి ఏటా మూడు మిల్లీమీటర్లకు మించి పెరిగినట్లు ఉపగ్రహాలు చెబుతున్నాయి. డెల్టా నేల తనంతట తానే కుంగుతున్నది. కలకత్తా రేవును బతికించడానికి 1975లో ఫరక్కా ఆనకట్ట నుంచి హుగ్లీకి నీరు మళ్ళించారు. హల్దియా వైపు ఓడల దారి కోసం నదిలో కట్టిన గోడలే ప్రవాహాన్ని తమ మీదికి తిప్పాయని ద్వీపవాసుల నమ్మకం. ఇక తుపానులు సరేసరి: 2009లో ఐలా, 2020లో అంఫాన్. 2021 మే 26న, నిండు పున్నమినాడు, పోటు మీద పోటుగా వచ్చిన యాస్ తుపాను ద్వీపాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా ముంచింది. మా స్నేహితురాలి కుటుంబం ఒడ్డుకు చేరినది ఆ తరువాతనే. ఉప్పునీరు నిలిచిన నేలలో తమలపాకు తీగ బతకదు.

నేల ఇలా తెగిపడడాన్ని బెంగాలీలో ‘భాంగన్’ అంటారు. విరగడం అని అర్థం. తెలుగులో మనం ‘కోత’ అంటాం. గోదావరి లంకలలో రైతులు వరదల కాలంలో భయంగా పలికే మాట అది. పంట చేతికి వచ్చినా కోతే, నేల చేయిజారినా కోతే. రైతు తన చేనును కోసినంత తేలికగా నది రైతు నేలను కోసుకుపోతుందని మన పూర్వులు ఎరిగే ఆ మాటను ఇలా వాడారేమో అనిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను చూసిన జాతికి నీటి స్వభావం ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఉప్పెన ఒక్క రాత్రిలో వచ్చి పోతుంది. కోత మాత్రం మనిషి కళ్ళెదుట, రోజుకింత చొప్పున, ముప్పై ఏళ్ళు సాగుతుంది.

జేఠామశాయ్ ఉంటున్నది ఆయన కట్టుకున్న మూడవ ఇల్లు. నది జరిగిన కొద్దీ ఆయన వెనక్కి జరుగుతూ వచ్చాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు; చూపు మందగించింది. మా గొంతులు విని ఒక్కొక్కరినీ గుర్తుపట్టాడు. నన్ను చూసి, ‘తెలుగమ్మాయివి గదూ! ఇడ్లీకి పప్పు రుబ్బి మా రుబ్బురోలు అరగదీసినదానివి’ అన్నాడు. అందరం నవ్వాం. ఇంటి పెరటిలో గదంత చోటులో మళ్ళీ చిన్న బొరోజ్ అల్లుకున్నాడు. ఇరవై తీగలుంటాయేమో.

అన్నాలయ్యాక అసలు సంగతి ఎత్తాం. ఘోడామారా, లోహాచరాల నుంచి వచ్చినవారికి సాగర్ దీవిలో బంకింనగర్, ఫుల్‌డుబి, జీబన్‌తలా, కమల్‌పూర్ వంటి చోట్ల కాలనీలు వెలిశాయి. బంకించంద్రుడు 1866లో ప్రకటించిన ‘కపాలకుండల’ నవల గంగాసాగరం నుంచి తిరిగి వచ్చే యాత్రికుల పడవతోనే మొదలవుతుంది; ఈ నదీముఖంలో దారితప్పిన మనిషి కథ అది. ఆయన పేరు పెట్టుకున్న ఊరిలో ఇప్పుడు నేల తప్పినవారు ఉంటున్నారు. అక్కడ స్థలం చూసి ఉంచానని మా స్నేహితురాలు పెదనాన్నకు చెప్పింది. ఆయన పలకలేదు. సాగర్‌లో కపిలముని గుళ్ళు ఒకదాని తరువాత ఒకటి సముద్రం పాలుకాగా, ఇప్పుడున్న గుడిని 1970లలో కట్టారు. ఆమె ఆ సంగతి ఎత్తి, ‘కపిలముని అంతటివాడే వెనక్కి జరిగాడు. నీకేం జేఠూ?’ అన్నది.

ముసలాయన ఈసారి నవ్వాడు. ‘ఆయన ఋషి. ఇరుగుపొరుగుతో ఆయనకేం పని?’ అన్నాడు.

ఆ మాట తరువాత ఆయన లేచి, మంచం కింది ట్రంకుపెట్టె తీసి, పాలితీన్ సంచిలో చుట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. వాళ్ళ నాన్నగారు 1958లో నేల కొన్న దస్తావేజు. ‘చదువమ్మా. దీనికిస్తే రెండు పంక్తులు చదివి ఏడుస్తుంది’ అని తమ్ముడి కూతురివైపు చూపాడు. అది పాతకాలపు గ్రాంథిక బెంగాలీ. మన దస్తావేజులలాగానే నిండా పారసీక పదాలు. మౌజా అన్నారు, ఖతియాన్ అన్నారు. మన సర్వే నంబరు ఉండే చోట ‘దాగ్’ నంబరు ఉన్నది. చివర ‘చౌహద్ది’ వచ్చింది. అంటే నాలుగు హద్దులు. ఆ ‘హద్దు’ మనకూ వారికీ ఒక్కటే. అనువాదకులకు శ్రమ లేని మాటలలో ఒకటి.

నేను చదివాను. ఉత్తరాన నీటికాలువ, దానికి ఆనుకొని ఫలానావారి వరిచేను. తూర్పున ఫలానావారి కొబ్బరితోట. దక్షిణాన బడికి పోయే బాట. పడమట ఫలానావారి ఆకుతోట. ఇంటికి ఈశాన్యమూల చెరువు. చెరువు మాట వినగానే మా ఇద్దరు వాదులూ ఒకరినొకరు చూసుకున్నారు. జేఠామశాయ్ కళ్ళు మూసుకొని, ఒక్కొక్క హద్దు దగ్గరా ఆగమన్నాడు. ఆగినప్పుడల్లా ఆ పేరుగల మనిషిని గురించి రెండు మాటలు చెప్పాడు. తూర్పువారు కొబ్బరికాయలు దింపిన రోజున మొదటి రెండు ఈయన గుమ్మంలో పెట్టి పోయేవారట. పడమటి ఆయనతో ఒక నిమ్మచెట్టు కోసం పదకొండేళ్ళు మాటలు లేవట. యాస్ తుపాను రాత్రి ఆ పడమటి ఆయన కొడుకే ఈయనను వీపున వేసుకొని బడి మేడ మీదికి చేర్చాడట.

చదవడం అయ్యాక కాగితం మడచి ఆయన చేతికి ఇచ్చాను. ‘ఇప్పుడు ఈ నేలకు నాలుగు హద్దులూ నీరే. అది నాకు తెలియనిది కాదు’ అన్నాడు. ‘నేను పట్టుకు కూర్చున్నది నేలను కాదమ్మా. సాగర్‌లో స్థలం కొంటే ఆ కాగితంలోనూ నాలుగు హద్దులు రాస్తారు గదా. అందులో ఎవరి పేర్లు ఉంటాయి? ఆ వయస్సులో ఇక నేను ఎవరితో పోట్లాడి, ఎవరి వీపు ఎక్కాలి?’

దానికి మా నలుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయనను ఒప్పించడానికి మేము తెచ్చుకున్న లెక్కలన్నీ నీటిమట్టానికీ, తుపానులకూ, వైద్య సదుపాయాలకూ సంబంధించినవి. వాటిలో దేనినీ ఆయన కాదనలేదు. ఆయన అడిగినది వేరు. నాకు ఏక్‌బాల్‌పూర్ సందు గుర్తుకు వచ్చింది. మా ఇంటికి ఎవరైనా దస్తావేజు రాస్తే ఎదురు హద్దు ఉర్దూ మాట్లాడుతుంది, పక్క హద్దు భోజ్‌పురి మాట్లాడుతుంది. ఆ ఇద్దరూ ఇప్పుడు నా పక్కనే చాప మీద కూర్చొని ఉన్నారు. మనిషి తన హద్దులను వెంట తీసుకుపోగలడా అన్న ప్రశ్నకు, కొంతవరకు పోగలడని మా నలుగురి రాకే సాక్ష్యం. కాని అది పైకి అనలేదు. ఆ మాట అనవలసినది ఆయన పొరుగువారు.

మా స్నేహితురాలు తెలివైనది. చీర చెంగు దోపుకొని, ‘వీళ్ళకు దారి చూపి వస్తాను’ అని మాతో బయలుదేరి, రేవుకు పోయే దారిలో రెండు ఇళ్ళ ముందు ఆగింది. మొదటిది తూర్పువారిది, రెండవది పడమటివారిది. వారు కూడా వెనక్కి జరిగి జరిగి అక్కడికి చేరినవారే. మేము అరుగు మీద కూర్చొని మంచినీళ్ళు తాగేంతసేపు ఆమె లోపల మాట్లాడింది. ఆటు మొదలైతే పడవకు నీరు చాలదని సరంగు కేక వేశాడు. మేము వెళ్ళి ఎక్కాం. తిరుగు ప్రయాణంలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఒళ్ళో ఒక్కొక్కరికి ఒక్కొక్క కట్ట, తడిగుడ్డలో చుట్టిన ఆకులు ఉన్నాయి. జేఠామశాయ్ ఇరవై తీగల నుంచి కోసి ఇచ్చినవి.

ఎండలు ముదిరిన తరువాత కాకద్వీప్ నుంచి ఫోను వచ్చింది. మూడు కుటుంబాలవారూ కలసి సాగర్‌లో పక్కపక్కన చిన్న చిన్న స్థలాలు కొన్నారు. జేఠామశాయ్ తమలపాకు తీగ ముక్కలు తడిమట్టిలో చుట్టుకొని, పాత దస్తావేజు చంకన పెట్టుకొని పడవ ఎక్కాడు. కొత్త కాగితం చేతికి రాగానే, ‘ఆ తెలుగమ్మాయికి హద్దులు చదివి వినిపించు’ అని తమ్ముడి కూతురిని పురమాయించాడట.

ఆమె చదివింది. తూర్పున పాత తూర్పువారి పేరే ఉన్నది. పడమట నిమ్మచెట్టువారు. దక్షిణాన రోడ్డు. ఉత్తరపు హద్దుగా రాసిన పేరు ఎన్నడూ విన్నది కాదు. వారెవరని అడిగాను.

‘ముప్పై ఏళ్ళకు పైగా అక్కడే ఉంటున్నారు. లోహాచరా నుంచి వచ్చినవారు’ అన్నది.